కొల్లేటి పడవకు ఏ బ్యాటరీ?



నేను ముప్పదినాలుగేండ్లు తెలుగు పండితుడనై బడిలో పాఠములు చెప్పి, ఇప్పుడు తాడేపల్లిగూడెములో విశ్రాంతిగా కాలము గడుపుచున్నవాడను. సంధులు, సమాసములు, విభక్తులు నా సరకు. అట్టివాడు బ్యాటరీలనుగూర్చి ప్రసంగింప వచ్చుట యేమని మీరు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. కాని యీ విషయమున నేనొక గ్రామమువారికి సలహా యిచ్చితిని. ఆ సలహా తప్పినది. ఒక రాత్రివేళ కొల్లేటి నడుమ ఒక పడవ నిలిచిపోయినది. అది యెందుకు నిలిచినదో తెలిసికొనుటకు నేను పడిన పాటును మీకు విన్నవించుకొనుటకే వచ్చితిని.

మా చెల్లెలిని ఇచ్చిన యూరు కొల్లేటి లంకలలో నొకటి. పేరుతో పని లేదు. ఆ యూరివారికి ఉమ్మడిగా ఒక పడవ కలదు. బడిపిల్లలు, చేపల చెరువులకు పోవు తవుడు బస్తాలు, ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లకు పోవు భక్తులు, అప్పుడప్పుడు ఆటపాక పక్షులను చూడవచ్చిన బంధువులు, అందఱును ఆ పడవ యెక్కువారే. దానికి మొదట డీజిలు ఇంజను ఉండెడిది. ఆ చప్పుడునకు గూడబాతులు బెదరి లేచిపోవుట, నీటిపై నూనె తెట్టె కట్టుట చూచి, 2023లో పడవ సంఘమువారు ఇంజను తీసివేసి విద్యుత్తుతో తిరుగు మోటారు పెట్టింప నిశ్చయించిరి. మోటారు విషయమున తగవు లేదు. తగవంతయు బ్యాటరీ దగ్గఱ వచ్చినది.

అమ్మువాడు రెండు విధములు చూపినాడు. ఒకటి, మన యిండ్లలో ఇన్వర్టరు క్రింద నుండు సీసపు బ్యాటరీలు నాలుగు. ఒక్కొక్కటి పదునైదువేలు, వెరసి అఱువదివేలు. రెండవది లిథియము బ్యాటరీ, ఒకే పెట్టె. దాని వెల లక్షా ముప్పదివేలు. దానికి వేఱుగా ఛార్జరు పండ్రెండువేలు. మా బావగారు సంఘమున పెద్ద. "బావగారూ, మీరు చదువుకున్నవారు. ఏది కొనమంటారు?" అని నన్నడిగిరి.

నేను సీసమే కొనుడంటిని. రెండు కారణములు చెప్పితిని. ఒకటి వెల. రెండవది భయము. 2022 ఏప్రిలులో విజయవాడలో ఒక యింట విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి గృహస్థు మరణించిన వార్త అప్పటికి నా మనస్సున పచ్చిగా నున్నది. ఆ నెలలోనే నిజామాబాదులోను అట్టి దుర్ఘటన జరిగినది. "పిల్లలెక్కు పడవలో నిప్పును మూటగట్టి పెట్టుదురా?" అని నేనడిగితిని. సభలో ఎవరును మాఱు పలుకలేదు. పండితుడు ప్రశ్న వేసినచో సభ మౌనము వహించుట మన దేశాచారము. అది యెల్లపుడు మంచి యాచారము కాదు.

సంవత్సరము దాటువఱకు పడవ బాగుగనే తిరిగినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినది మీకందఱకు తెలిసినదే. ఆ నీరు పల్లమునకు దిగి కొల్లేఱు చేరినది. లంక గ్రామముల దారులు మునిగినవి. ఊరిలో కరెంటు లేదు. ఒక చిన్న జనరేటరును దినమునకు మూడు గంటలు నడిపి, దానితోనే పడవ బ్యాటరీలను నింపుకొనుచు వచ్చిరి. అయిదవనాటి రాత్రి ఒక ముసలితల్లికి జ్వరము తీవ్రమై, ఏలూరు ఆసుపత్రికి చేర్పవలెనని రోడ్డు వైపునకు పడవ తీసిరి. సగము దూరము పోవుసరికి మోటారు మూలుగుట మొదలుపెట్టినది. మఱికొంత దూరమునకు నిలిచినది. చీకటి, వాన, గుఱ్ఱపుడెక్క ఆకు. ఇద్దఱు కుఱ్ఱవాండ్రు గడలు వేసి రెండు గంటలు పడవను త్రోసిరి. దైవానుగ్రహమున ఆమె బ్రదికినది. కాని ఆ రెండు గంటలు పడవలో కూర్చున్నవాడు మా బావగారే. ఆయన నన్నొక్క మాట యనలేదు. అనకపోవుటయే నన్ను బాధించినది.

తెలియని సంగతి తెలిసికొనవలెనని అప్పుడు పట్టు పట్టితిని. మా తమ్ముని మనుమరాలు ఇంజనీరింగు చదువుచున్నది. ఆమె దసరా సెలవులలో వచ్చి వారము దినములు నాకు పాఠము చెప్పినది. నేను శిష్యుడనైతిని. ఆమె నాకంటె ఓర్పుగల ఉపాధ్యాయురాలు.

సీసపు బ్యాటరీ ప్రాచీనమైనది. 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే యనునతడు దానిని నిర్మించెను. అనగా మన ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన ఏడేండ్లకు పుట్టినదన్నమాట. సీసపు పలకలు, వానిమధ్య గంధకామ్లము. మన మెకానిక్కులు యాసిడ్ అనునది ఇదియే. విద్యుత్తును వాడుకొనునప్పుడు పలకలపై ఒక తెల్లని లవణము పట్టును. తిరిగి నింపునప్పుడు ఆ లవణము కరగిపోవును. వెంటనే, పూర్తిగా నింపినచో ఏ బాధయు లేదు. సగము నింపి దినములతరబడి విడిచినచో ఆ లవణము గట్టిపడి పెచ్చుకట్టును. మరల కరగదు. అంతమేర ఆ పలక చచ్చినట్లే.

ఇప్పుడు వరదనాటి సంగతి చూడుడు. సీసపు బ్యాటరీ మొదట చురుకుగా నిండును గాని, చివరి అయిదవవంతు నిండుటకు గంటలకొలది కాలము పట్టును. కడుపు నిండిన బిడ్డకు చివరి ముద్ద పెట్టునట్లు. మూడు గంటల జనరేటరుతో అది ఏనాడును నిండలేదు. నాలుగు దినములు అరకొరగా నింపి, అరకొరగా వాడిరి. అయిదవనాడు అది నిలిచినదన్న దానిలో వింత లేదు. తప్పు బ్యాటరీది కాదు, అమ్మినవానిది కాదు. దాని స్వభావము తెలియక దానిని ఆ పనికి నియమించిన నాది.

మఱియొక సంగతి. సీసపు బ్యాటరీ ధాన్యపు గాదె వంటిది గాని, అందు సగము విత్తనపు వడ్లు. దానిలోని విద్యుత్తును సగమునకు మించి తఱచుగా తోడినచో ఆయుర్దాయము తగ్గును. మా పడవలోని నాలుగును కలిసి, మీటరు లెక్కలో చెప్పవలెనన్న, ఏడు యూనిట్ల పైచిలుకు పట్టునవి. నిర్భయముగా వాడదగినది మూడున్నర. లిథియము పెట్టె పట్టునది అయిదు యూనిట్లే. కాని అందు నాలుగు వాడుకొనవచ్చును. చీటీపై పెద్ద అంకె యున్నది చేతికి తక్కువ నిచ్చుచున్నది. బరువు మాట యందురా, సీసపువి నాలుగును కలిసి రెండువందల ఇరువది కిలోలు. లిథియము పెట్టె ఏబది కిలోలు. రెండు వడ్ల బస్తాలకు మించిన బరువును మా పడవ రెండేండ్లు ఊరక మోసినది.

లిథియము అను మాటకు గ్రీకు భాషలో 'రాయి' అనుట మూలము. 1817లో ఒక రాతినుండి దానిని కనుగొనిరి గనుక ఆ పేరు వచ్చినది. మనవారు పేరు పెట్టియుండినచో 'శైలేయము' అని యుందురేమో. పండితుని చాపల్యము, మన్నింపుడు. లోహములలో నింత తేలికయైనది మఱియొకటి లేదు. దానితో చేసిన బ్యాటరీ 1991లో విపణికి వచ్చినది. ఆ విద్యకు మూలపురుషులైన గుడ్ ఇనఫ్, విట్టింగ్ హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెలు బహుమానము లభించినది.

నా భయమునకు సమాధానము ఇక్కడ దొరకినది. లిథియము బ్యాటరీ యన్నది ఒక్క జాతి కాదు. వడ్లలో స్వర్ణకు, అక్కుళ్లకు భేదము లేదా? స్కూటర్లలో నాడు తఱచుగా వాడినది నికెలు, కోబాల్టు కలిసిన జాతి. అది చిన్న చోట ఎక్కువ శక్తిని దాచును. వేడెక్కినచో తొందరగా అదుపు తప్పును. రెండవది ఇనుము, భాస్వరము కలిసిన జాతి. 'లిథియం ఐరన్ ఫాస్ఫేట్' అని దాని పేరు. టెక్సాసు విశ్వవిద్యాలయమున గుడ్ ఇనఫ్ శిష్యబృందము దీనిని 1997లో లోకమునకు ప్రకటించినది. ఆ బృందమున పాధి, నంజుండస్వామి అను మనదేశీయులు కలరు. ఈ జాతి కొంచెము బరువు. కాని వేడికి ఓర్చును. కాలనే కాలదని కాదు. కాలుట కష్టము. పడవలకు, అమెరికాలో సంసారముతో సహా తిరుగుటకు వాడెడి ఇంటిబండ్లకు ఇప్పుడు ఎక్కువగా పెట్టుచున్నది ఈ జాతినే. మా మేనల్లుడు అక్కడ నట్టి బండి నొకదానిని అద్దెకు తీసికొని తిరిగినాడు. రాత్రియంతయు అడవిలో ఫంకా, దీపము, చల్లపెట్టె నడచినవని వ్రాసినాడు.

మన దేశమునను దృష్టాంతము కలదు. కేరళమున వైక్కము, తవణక్కడవుల మధ్య వేంబనాడు కాయలుపై 2017 జనవరినుండి 'ఆదిత్య' అను పడవ సూర్యశక్తితో నడచుచున్నది. డెబ్బదియైదుగురు ప్రయాణికులు ఎక్కుదురు. పైకప్పున సౌరఫలకములు, అడుగున లిథియము బ్యాటరీలు. మన కొల్లేఱు వంటి నీరే, మన వంటి జనమే. 2023లో కొచ్చి నగరమున విద్యుత్తు పడవల సర్వీసు కూడ మొదలైనది.

ఇదంతయు తెలిసికొని, లిథియము మేలని చెప్పుటకు కార్తికమాసమున ఉత్సాహముతో లంకకు పోయితిని. అక్కడ నాకు రెండవ పాఠము జరిగినది. అమ్మువారు చెప్పు లెక్క నాకు కంఠస్థము. సీసపువి రెండేండ్లకొకసారి మార్చవలెను. ఎనిమిదేండ్లకు నాలుగు జతలు. పాతవి తిరిగి యిచ్చినచో జత కొకటికి పదునైదువేలు వచ్చును. కావున ఎనిమిదేండ్ల కర్చు లక్షా ఎనుబదివేలు. లిథియము ఎనిమిదేండ్లు వచ్చుననుకొందము. ఛార్జరుతో కలిపి లక్షా నలుబది రెండువేలు. ముప్పదియెనిమిదివేలు లాభము. నేనీ లెక్క సభలో చదివితిని.

అరుగు చివర కూర్చున్న యొక ముసలి రైతు, "మాస్టారూ, వడ్డీ ఏదండీ?" అన్నాడు.

నేను తెల్లబోయితిని. ముందుగా అదనముగా పెట్టవలసినది ఎనుబది రెండువేలు గదా. దానికి వడ్డీ లేదా? మా బావగారు క్యాలెండరు వెనుక అప్పటికప్పుడు లెక్క వేసిరి. నూటికి నెలకు రూపాయి వడ్డీయైనచో, రెండేండ్లకొకసారి సీసము కొననక్కఱలేక మిగులు నలుబదియైదువేలతో ఆ బాకీ ఆఱవయేట తీరును. తుదకు మిగులునది రెండువేలకు మించదు. అనగా రెండును ఇంచుమించు సమానము. రెండు రూపాయల వడ్డీకి అప్పు చేసినచో ఎనిమిదేండ్లకును బాకీ తీరదు. అప్పుడు సీసమే చౌక. ఏ ప్రకటనలోను ఈ లెక్క నేను చూడలేదు. మీ గ్రామమునకు ఎవరైన వచ్చి లాభము చెప్పినప్పుడు ముందుగా ఆ ముసలి రైతు అడిగిన ప్రశ్న అడుగుడు. చేతిలో సంఘపు సొమ్మున్నచో ఒక విధము, వడ్డీకి తెచ్చినచో ఒక విధము.

లెక్క సమానమైనప్పుడు దేనిని బట్టి తేల్చవలెను? బరువు, వరదనాటి అనుభవము లిథియము పక్షమున నున్నవి. ఇంకొకటియు కలదు. దానిని చెప్పుటకు నాకు నోరు రాదు. అయినను చెప్పెదను.

పాత సీసపు బ్యాటరీకి వెల వచ్చుచున్నదంటిని. ఆ వెలను ఇచ్చువాడు దానిని ఏమి చేయును? సక్రమమైన కర్మాగారమునకు చేరినచో అందలి సీసమంతయు మరల బ్యాటరీయే యగును. ఆ విషయమున సీసమునకు సాటి లేదు. కాని కొన్ని దారి తప్పి పెరటి కొలుములకు చేరును. చాలయేండ్ల క్రిందట నా తరగతిలో ఒక బాలుడుండెను. వాని తండ్రి ఇంటివెనుక పాత బ్యాటరీలను గొడ్డలితో పగులగొట్టి, యాసిడ్ మురుగుకాలువలో పోసి, సీసమును ఇనుపమూకుడులో కరగించి అమ్ముకొనెడివాడు. ఆ బాలునకు నిన్న చెప్పిన పద్యము నేడు జ్ఞాపకముండెడిది కాదు. సోమరి యనుకొని బెత్తముతో అరచేతులపై కొట్టితిని. సీసపు పొగ పిల్లల మెదడును మందగింపజేయునని నాకప్పుడు తెలియదు. వాని విషయమున కారణము అదియే యని నేడును నిశ్చయించి చెప్పజాలను. ఎవరును పరీక్ష చేయలేదు. కొట్టితినన్నది మాత్రము నిశ్చయము.

2020లో ఐక్యరాజ్యసమితి బాలల నిధివారు ప్రకటించిన నివేదికలో, లోకమునందలి పిల్లలలో మూడింట ఒకరి రక్తమున, అనగా ఎనుబది కోట్ల వఱకు పిల్లలలో, ఆందోళన పడదగినంత సీసమున్నదని వ్రాసిరి. అందులకు ముఖ్యకారణములలో బ్యాటరీలను ఇట్లు బయట పగులగొట్టుట యొకటి. ఆ సంవత్సరము డిసెంబరులోనే మన ఏలూరున అయిదువందల మందికి పైగా ఉన్నట్లుండి మూర్ఛలతో పడిపోయిరి. ఢిల్లీ ఎయిమ్స్ వారు రోగుల రక్తమున సీసము, నికెలు కనుగొనిరి. తరువాత ఇతర పరిశోధకులు పురుగుమందుల అవశేషములను కారణముగా చూపిరి. దానిని బ్యాటరీల నెత్తిన రుద్దుట న్యాయము కాదు. కాని కొల్లేఱు పల్లము. తమ్మిలేఱు, రామిలేఱు, బుడమేఱు తెచ్చినదంతయు అందులోనికే దిగును. బయటకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. అట్టి నీటిని, ఆ నీటి చేపను నమ్ముకొని బ్రదుకువారు సీసము విషయమున ఇతరులకంటె ఒక పాలు ఎక్కువ జాగ్రత్త పడవలెను గదా.

సభ లిథియమునకే అంగీకరించినది. సొమ్ము సంఘపుది, అప్పు కాదు. 2025 జనవరిలో కొనిరి. కొన్న తరువాత తెలిసిన సంగతులు కొన్ని చెప్పెదను. ఇట్టి పని తలపెట్టువారికి పనికివచ్చును.

లిథియము పెట్టెలో ఒక కాపలా యంత్రముండును. అది మన కాలువ లస్కరు వంటిది. నీరు మీఱినను, తఱిగినను తూము మూయును. అది లేని పెట్టెను ఊరక యిచ్చినను తీసికొనరాదు. అయితే లస్కరు తూము మూసినప్పుడు ముందుగా చెప్పడు. సీసపు బ్యాటరీ అలసినప్పుడు మోటారు మూలిగి హెచ్చరించును. లిథియము తుదివఱకు ఒకే వేగమున నడపి, ఒక్కసారిగా ఆపును. కావున యెంత మిగిలినదో చూపు మీటరు కంటి ఎదుట నుండవలెను. గడలు, తెడ్లు పడవలోనే యుండవలెను. మావారు గడలు తీసివేయబోగా నేను వారించితిని. ఈసారి నా సలహా సరియైనదే.

పాత ఛార్జరుతో దీనిని నింపరాదు. సీసపు బ్యాటరీల పెచ్చు వదలించుటకు కొన్ని ఛార్జరులు మధ్యమధ్య ఎక్కువ ఒత్తిడి నిచ్చును. అది లిథియమునకు పడదు. నీరు చొరని పెట్టె కావలెను. పాత ఫోనులనుండి, పాత స్కూటర్లనుండి తీసిన ముక్కలతో కుట్టిన బొంతలను చౌకగా అమ్మువారున్నారు. వాని జోలికి పోవలదు. పడుకొను గదిలో నింపవలదు. పెట్టె ఉబ్బినచో వాడుట మానవలెను. పడవ మాట యింకొకటి. నూటడెబ్బది కిలోల బరువు ఒక్కసారి తీసివేయగా పడవ పైకి తేలి, మనిషి లేచి నిలువగానే ఊగుట మొదలుపెట్టినది. రెండు ఇసుక బస్తాలు అడుగున వేసిన తరువాత కుదురుకొన్నది. ఇది ఇంజనీరింగు చదువుచున్న మా మనుమరాలికిని తోచలేదు. పడవ నడపు కుఱ్ఱవానికి తోచినది.

పాత సీసపు బ్యాటరీలు నాలుగింటిని ఊరిలోనికి వచ్చు తుక్కువానికి ఇయ్యలేదు. వాడు దుకాణముకంటె రెండువందలు ఎక్కువ ఇచ్చెదనన్నాడు. 2022లో వచ్చిన కేంద్ర ప్రభుత్వపు నిబంధనల ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధి చేయించు బాధ్యత తయారుచేయువారిది. కావున అమ్మిన దుకాణమునకే యిచ్చి రసీదు పుచ్చుకొనిరి. మా బావగారు ఆ రసీదును పడవ లెక్కల పుస్తకములో అంటించిరి.

సీసమునకు పని లేదని నేననను. ట్రాక్టరును, డీజిలు ఇంజనును ఒక్క ఊపుతో లేపుటకు అది చాలును. కరెంటు అరుదుగా పోవు ఇంటిలో, మూలనుండి కదలని ఇన్వర్టరునకు లిథియము వెల దండుగయే. మొన్న మా చెల్లెలు తాడేపల్లిగూడెము వచ్చి, "అన్నయ్యా, మా ఊరికి చెప్పింది నీ ఇంట్లో పెట్టుకోలేదే?" అని నిలదీసినది. మా ఇంటిది సీసపుదే, ఆఱేండ్లనుండి పనిచేయుచున్నది. నీరు తగ్గినదేమోనని మూత తీసి చూపితిని. తగ్గియేయున్నది. ఆమె ఎదుటనే డిస్టిల్డు వాటరు పోసితిని.